సలమాంకా కప్ప గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కప్ప గారి సముఖానికి,

స్పెయిన్ దేశం, సలమాంకా యూనివర్సిటీ ముఖద్వారం, కుడి వైపు స్తంభం, రాతిలో చెక్కిన మూడు పుర్రెలున్న చోట, అందులో ఒకదాని నెత్తి మీద కూర్చున్న రాతి కప్ప గారికి. అడ్రసు ఇంత వివరంగా బయటపెట్టినందుకు మీ భక్తులు నన్ను తిట్టుకుంటారు. ఎవరి సాయమూ లేకుండా మిమ్మల్ని కనిపెట్టినవాళ్లే పరీక్ష పాసవుతారట కదా. పోనివ్వండి, నలుగురు తప్పితే తప్పారు, మెడలైనా పట్టేయకుండా ఉంటాయి.

మాడ్రిడ్‌లో చదువుకుంటూ, ఒక శనివారం క్లాసువాళ్లతో కలిసి బస్సెక్కి మీ ఊరొచ్చాను. మాదంతా కప్పల తక్కెడ వ్యవహారం (మీరేమీ అనుకోకండి, మా సామెత అలా ఏడ్చింది). ఇద్దరు దొరికితే ముగ్గురు కాఫీకి పోతారు. అలాంటిది మీ గుమ్మం ముందుకొచ్చేసరికి అందరూ బుద్ధిగా ఒక్కచోట చేరి, తలలెత్తి, నోళ్లు తెరిచి నిలబడ్డారు. ప్రొఫెసర్ గారి క్లాసులో ఏనాడూ చూడని ఏకాగ్రత! ఆ ముఖద్వారం నిండా 16వ శతాబ్దపు పనితనం ఉంది, తీగలు, పూలు, రాజముద్రలు, నడిమధ్యలో స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసాబెల్లా, అంతా ఎండ పడితే బంగారంలా మెరిసే ఇసుకరాయి, దాని మీద ఉలి పెట్టినవాళ్లకి ఎన్నేళ్లు పట్టిందో గానీ ఆ కష్టం మొత్తం ఇప్పుడు మీ ఫోటోకి బ్యాక్‌గ్రౌండ్. "ఇదేనా? ఇంత చిన్నదా?" అన్నాడు మా వాడొకడు. సెల్ఫీ దిగాడు. వెళ్లిపోయాడు.

ఇంతకీ మీ అసలు ఉద్యోగం ఇది కాదని విన్నాను. ఒళ్లు దగ్గర పెట్టుకోండి, కామానికి లొంగితే చివరికి మిగిలేది ఈ పుర్రే అని కుర్రాళ్లని భయపెట్టడానికి, కామానికి గుర్తుగా మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారని చాలామంది పండితుల మాట. కాదు, ఆ పుర్రె 1497లో ఇదే ఊళ్లో 19 ఏళ్లకే చనిపోయిన, ఆ రాజదంపతుల కొడుకు యువరాజు హువాన్‌ది అని ఇంకో వాదన. ఎలా చూసినా మీరు హెచ్చరిక బోర్డే. హెచ్చరిక బోర్డుకి దండం పెట్టి పాస్ మార్కులడిగే తెలివి విద్యార్థి జాతికి తప్ప ఎవరికొస్తుంది!

ఈ విషయంలో మిమ్మల్ని అనే నోరు నాకు లేదనుకోండి. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు, పని జరిగాక 108 చేసే ఊరివాళ్లం మేము. వానలు పడకపోతే మీ వాళ్లకి దగ్గరుండి పెళ్లిళ్లు కూడా చేస్తాం. కాకపోతే చిలుకూరులో కనీసం కాళ్లు పీకుతాయి. మీ దగ్గర గైడు లేజర్ లైటు వేసి చూపించేస్తున్నాడు. అలా చూసిన దర్శనం చెల్లుతుందా, లేక సప్లీ రాయాలా?

మీ ఊరి పాత విద్యార్థులు ఇంతకన్నా కష్టపడేవారు. డిగ్రీ పరీక్షకి ముందు రాత్రి పాత కెథెడ్రల్‌లోని శాంతా బార్బరా చాపెల్‌లో వాళ్లని పెట్టి తాళం వేసేవారట. రాత్రంతా చదువు, ఎదురుగా ఒక బిషప్ గారి సమాధి, దాని మీద పడుకున్న రాతి బిషప్ గారి పాదాలకి తమ పాదాలు ఆనించి కూర్చుంటే కలిసొస్తుందని నమ్మకం. అంటే అప్పుడూ ఒక రాయి కావాల్సి వచ్చింది, నిజమే. కానీ ఒళ్లో పుస్తకం కూడా ఉండేది.

మీకు కొన్ని అడుగుల దూరంలోనే, ఇక్కడ పాఠాలు చెప్పిన సన్యాసి, కవి ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్ విగ్రహం ఉంది. బైబిల్లోని పరమగీతాన్ని జనం మాట్లాడుకునే భాషలోకి తెచ్చాడని, అలాంటివే ఇంకొన్ని నేరాలు మోపి, ఇన్‌క్విజిషన్ (మతం తప్పినవాళ్లని విచారించే చర్చి కోర్టు) వాళ్లు 1572 నుంచి 1576 దాకా ఆయన్ని జైల్లో పెట్టారు. తిరిగొచ్చి "నిన్న చెప్పుకున్నట్టు..." అంటూ పాఠం అందుకున్నాడని కథ. ఆయన క్లాసు గదిలో మొద్దు దూలాల్లాంటి బల్లలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద కుర్రాళ్లు గీకిన గీతలతో సహా. మా బ్యాచ్ మాత్రం ఆయన పాదాల దగ్గర బ్యాగులు పడేసి, ఆయనకి వీపు చూపించి, మీ వైపు ఫోన్లెత్తింది.

అదే ఆవరణలో ఇంకో గుమ్మం ఉంది. లోపలంతా చీకటి. కాసేపు ఊరుకుంటే కళ్లు అలవాటు పడి, పైన నీలం ఆకాశం మెల్లగా తేలుతుంది: సింహం, కన్య, తుల, వృశ్చికం, ధనుస్సు, మధ్యలో చుక్కలు. 15వ శతాబ్దం చివర్లో యూనివర్సిటీ పాత లైబ్రరీ కప్పు మీద ఫెర్నాండో గాయెగో వేసిన బొమ్మ, మిగిలింది మూడో వంతే. పొద్దున్నే టీవీలో రాశిఫలాలు వినందే గడప దాటని ఇంట్లో పుట్టినదాన్ని, నేనెలా వదులుతాను? లోపల నాతో పాటు ఒక ముసలాయన, ఒక సెక్యూరిటీ ఆవిడ. అంతే.

ఇంకో సంగతి, మీకు పోటీ కూడా తయారైంది. కొత్త కెథెడ్రల్ గుమ్మం మీద తీగల మధ్య ఒక వ్యోమగామి వేలాడుతున్నాడు. 1992 మరమ్మతుల్లో చెక్కారు. ఆ ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టానో లేదో, "చూశావా, ఆ రోజుల్లోనే అన్నీ ఉన్నాయి" అని మా పెదనాన్న మెసేజ్. 1992 అని రాస్తే థంబ్స్ అప్ పెట్టి, మా పిన్ని వాళ్ల గ్రూపుకి ఫార్వర్డ్ చేశారు.

మీ యూనివర్సిటీకి రెక్టారుగా, అంటే పెద్ద తలకాయగా చేసిన రచయిత ఉనామునో గారు, కప్పని చూడటం తప్పు కాదు, కప్పని తప్ప ఇంకేమీ చూడకపోవడమే తప్పు అన్నారని చెబుతారు. ఆ మాట మా గైడే చెప్పాడు. చెప్పి అందరినీ నవ్వించి, వెంటనే లేజర్ మీ మీద వేశాడు.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, తమరు ఏడాదికి ఒక నెల సెలవు పెట్టాలి. పుర్రె మీద చోటు ఖాళీగా ఉంటే, మిమ్మల్ని వెతికే కంగారులో మావాళ్లు ఆ గోడ మొత్తం చూసేస్తారు. ఆగస్టులో పెట్టుకోండి, ఎలాగూ అప్పుడు స్పెయిన్‌లో సగం మంది సెలవులోనే ఉంటారు. జనవరిలో మాత్రం కదలొద్దు. నా స్టాటిస్టిక్స్ పేపరుంది.

ఇట్లు,
మెడ పట్టేసిన ఒక తెలుగమ్మాయి