రైస్ మిల్లుకున్న రూలు గూగుల్‌కి ఉంటుందా?

ఈ ఏప్రిల్లో మా పెదనాన్న విశాఖ నుంచి వచ్చి మా ఇంట్లో ఆరు వారాలున్నారు. వర్జీనియాలోని మా ఆష్‌బర్న్‌లో వచ్చినవాళ్ళకి చూపించడానికి ఏముంటుంది చెప్పండి. ఒకరోజు వాషింగ్టన్, ఒకరోజు గుడి, ఒకరోజు కాస్ట్‌కో అయిపోయాక మిగిలేది సాయంత్రం నడకే. ఆ నడకలో మూడో రోజో నాలుగో రోజో ఆయన ఆగిపోయి, రోడ్డు పక్కనున్న బూడిద రంగు బిల్డింగుని కాసేపు చూసి, "ఏట్రా ఇది, ఇంత పెద్ద గోడౌనుకి ఒక్క లారీ కూడా లేదేటి?" అన్నారు. లారీలే కాదు, కిటికీలు కూడా లేవు. పార్కింగులో గట్టిగా లెక్కపెడితే ఇరవై కార్లు. లోపల్నుంచి మాత్రం ఆగకుండా ఒక హోరు, పక్కింటి ఏసీ మన గోడకే తగిలించినట్టు.

గోడౌను కాదు పెదనాన్నా, డేటా సెంటర్, లోపలంతా రాత్రీ పగలూ నడిచే కంప్యూటర్లే, మన విశాఖకి వస్తోందే గూగుల్‌ది, అదీ ఇలాంటిదే అన్నాను. ఆయన దృష్టి అప్పటికే బిల్డింగు మీద లేదు, దాని పక్కనున్న సబ్‌స్టేషన్ మీదకి వెళ్ళిపోయింది. ముప్పై నాలుగేళ్ళు కరెంటు బోర్డులో చేసి ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా, రిటైరైన మనిషి (బోర్డు 1999లోనే ముక్కలైపోయినా ఆయనకది ఇప్పటికీ బోర్డే). కంచె పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్లు లెక్కపెట్టారు, ఇన్సులేటర్లు చూశారు, "220 కేవీయా?" అని అడిగారు. ఇక్కడ 230 అని చెప్పాను. "ఇదంతా ఈ ఒక్క బిల్డింగుకేనా? అయితే దీనికి డబ్బులెవరు పెట్టారు?"

నేను పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. ఉద్యోగం కూడా క్లౌడ్ లోనే, అంటే నా జీతం కూడా ఒక రకంగా ఆ డబ్బాల్లోంచి వచ్చేదే, అది ముందే ఒప్పేసుకుంటున్నాను. అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. మా లౌడన్ కౌంటీలో దాదాపు 200 డేటా సెంటర్లున్నాయి, ప్రపంచంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని ఇంకెక్కడా లేవు, కౌంటీ ఆస్తి పన్నుల ఆదాయంలో ఇంచుమించు సగం వీటిదే. దాంతో ఇంటి పన్ను రేటు 2024లో వంద డాలర్లకి 86.5 సెంట్లుండేది 2025లో 80.5 సెంట్లకి దిగింది. బళ్ళు బాగుంటాయి, రోడ్లు బాగుంటాయి, ఉగాదికి హాలు అద్దెకి తీసుకునే స్కూలు కూడా బాగుంటుంది. ఇంక ఎవరికి పడుతుంది?

పట్టింది కరెంటు బిల్లు దగ్గర. వర్జీనియాతో కలిపి 13 రాష్ట్రాలకీ వాషింగ్టన్ డీసీకీ గ్రిడ్ నడిపే సంస్థ పీజేఎం. ఎండాకాలం మధ్యాహ్నం అందరూ ఏసీలు వేసినా సరిపడా ప్లాంట్లు సిద్ధంగా ఉండాలి కదా, అలా సిద్ధంగా ఉన్నందుకు ప్లాంట్లవాళ్ళకి ముందే వేలం పెట్టి డబ్బులిస్తుంది. ఆ వేలం ధర 2024-25కి మెగావాట్‌కి రోజుకి 28.92 డాలర్లు. మరుసటి ఏడాదికి 269.92. మాకు కరెంటిచ్చే కంపెనీ డొమినియన్, దాని జోన్‌లో అయితే ఏకంగా 444.26. ఆ తర్వాతి ఏడాదికి 329.17, దాని తర్వాత 333.44, ఈ రెండూ గరిష్ఠ పరిమితి పెట్టబట్టి అక్కడ ఆగినవే. పాత ప్లాంట్లు మూతపడటం, కొత్తవాటికి గ్రిడ్ కనెక్షన్ ఏళ్ళ తరబడి రాకపోవడం కూడా కారణాలే, అన్నీ డేటా సెంటర్ల నెత్తిన రుద్దడం అన్యాయం. కానీ పెద్ద కారణం అవేనని పీజేఎం మార్కెట్‌ని పర్యవేక్షించేవాళ్ళే చెప్పారు. వేలంలో పెరిగింది చివరికి ఏ ఇంటికి చేరుతుందో పెదనాన్నకి విడమర్చి చెప్పక్కర్లేదు. "మా దగ్గర ట్రూ అప్ అంటారు, మీ దగ్గర ఇంకేదో అంటారు, అంతే కదరా" అన్నారు. పెరిగిన ఖర్చుని తర్వాత మన బిల్లులో కలిపి వసూలు చేయడమే ట్రూ అప్.

ఆయనకి నేను చెప్పినవాటిలో బాగా నచ్చింది 2024 జులై 10 కథ. ఇక్కడ ఒక 230 కేవీ లైను మీద లైట్నింగ్ అరెస్టర్ (పిడుగుల నుంచి లైనుని కాపాడే పరికరం) పాడై, లైను మళ్ళీ మళ్ళీ ట్రిప్ అవుతుంటే, ఓల్టేజి ఊగడం చూసిన డేటా సెంటర్లు తమ మెషీన్లని కాపాడుకోవడానికి సొంత బ్యాకప్ మీదకి వెళ్ళిపోయాయి. ఒకటీ రెండూ కాదు, 60. క్షణాల్లో 1,500 మెగావాట్ల లోడు గ్రిడ్ మీంచి మాయం. కరెంటు చాలక గ్రిడ్ కూలడం మనకి తెలుసు, ఇక్కడ కరెంటు ఉంది, వాడేవాడు లేడు. "లోడ్ త్రో ఆఫ్!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. ఎలాగో సర్దుకున్నారులెండి. కానీ ఒక్క బటన్ నొక్కినట్టు అన్నీ ఒకేసారి పక్కకి తప్పుకునే కస్టమర్లతో గ్రిడ్ ఎలా నడపాలన్నది ఇంజనీర్లకి కొత్త తలనొప్పి. విశాఖ తుఫాన్ల తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి, రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళకి ఈ మాట ఇంకొంచెం ఎక్కువ అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇక్కడ ఇరవై ఏళ్ళు డేటా సెంటర్లు కట్టించుకున్నాక, కరెంటు ఛార్జీలు తేల్చే వర్జీనియా రెగ్యులేటర్ 2025 నవంబర్లో తీరిగ్గా ఒక రూలు పెట్టాడు. డొమినియన్ దగ్గర 25 మెగావాట్లు, అంతకు మించి అడిగే కస్టమర్ని వేరే కేటగిరీలో పెడతారు, 14 ఏళ్ళ ఒప్పందం రాయాలి, వాడినా వాడకపోయినా అడిగిన దాంట్లో లైన్లకీ సబ్‌స్టేషన్లకీ 85 శాతం, ఉత్పత్తికి 60 శాతం లెక్కన కనీసం కట్టాలి. అదీ 2027 జనవరి నుంచి. ఒహాయోలో ఇలాంటిదే అంతకు కొన్ని నెలల ముందు వచ్చింది. రూలు వచ్చాక అక్కడ కరెంటు కోసం క్యూలో ఉన్న 30 వేల మెగావాట్ల దరఖాస్తులు 13 వేలకి పడిపోయాయి. సగానికి పైగా దరఖాస్తులు, నిజంగా డబ్బు కట్టమనేసరికి, ఉత్తివే. ఆ ఉత్తి దరఖాస్తులని నమ్మి ప్లాంట్లూ లైన్లూ కట్టేసి ఉంటే ఎవరు మోసేవారు?

ఇదంతా నేను ఏదో గొప్ప సంస్కరణలా చెబుతుంటే పెదనాన్న నవ్వారు. "ఇందులో కొత్తేటుందిరా? సీఎండీలో ఎనభై శాతం." అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. మన దగ్గర హెచ్‌టీ, అంటే హై టెన్షన్, కనెక్షన్ తీసుకున్న ఏ రైస్ మిల్లువాడైనా, ఏ ఐస్ ఫ్యాక్టరీవాడైనా నాకింత డిమాండ్ కావాలని ఒప్పందం రాస్తాడు, దాన్నే కాంట్రాక్టెడ్ మాగ్జిమం డిమాండ్, సీఎండీ అంటారు. ఆ నెల మీటర్లో ఎంత రికార్డయింది, సీఎండీలో 80 శాతం ఎంత, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ ఛార్జీ పడుతుంది. మిల్లు మూసేసి కూచున్నా పడుతుంది. సంక్రాంతికి ముందు మిల్లర్లు ఆఫీసుకొచ్చి, ధాన్యం రాలేదు సార్, ఈ నెలకి తగ్గించండి అని బతిమాలేవారట. "తగ్గించడానికి నేనెవర్ని? రూలు. లైను వేశాం కదా, నువ్వు వాడకపోతే లైను ఇంటికెళ్ళిపోద్దా?"

అంటే అమెరికా 2025లో కనిపెట్టింది మన డివిజన్ ఆఫీసుల్లో ఎప్పట్నుంచో ఉంది. కాబట్టి విశాఖ విషయంలో నాకు మిగిలిన ప్రశ్న చాలా చిన్నది. రైస్ మిల్లుకున్న రూలు గూగుల్‌కి ఉంటుందా? ఉంటే ఎన్నేళ్ళకి?

విశాఖకి వస్తున్నది చిన్న సరుకు కాదు. 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించింది ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు, గిగావాట్ స్థాయి. గిగావాట్ అంటే వినడానికి ఏదో కంప్యూటర్ మాటలా ఉంటుంది గానీ, వెయ్యి మెగావాట్లు. పరవాడ సింహాద్రి ఎన్టీపీసీ మొత్తం రెండు వేల మెగావాట్లు, అందులో సగం. నవంబర్లో రిలయన్స్, బ్రూక్‌ఫీల్డ్, డిజిటల్ రియాల్టీల ఉమ్మడి కంపెనీ ఇంకో గిగావాట్ అంది. రెండూ కలిపితే సింహాద్రి అంత ఇంకో ప్లాంటు, రాత్రీ పగలూ, ఈ రెండిటి కోసమే. సోలార్ పెడతాం, గాలిమరలు పెడతాం అంటారు, పెట్టాలి కూడా. కానీ రాత్రి రెండు గంటలకి ఎండ రాదు.

రాయితీల గురించి కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఆంధ్రా ప్రభుత్వం గూగుల్‌కి రూ. 22 వేల కోట్లు ఇచ్చేసిందని ఎత్తిపొడిస్తే, లోకేశ్ ఆంధ్రా వంటల్లాగే మా పెట్టుబడులూ ఘాటే, పక్కింటివాళ్ళకి మంట పుడుతోందని జవాబిచ్చారు. మన వాట్సాప్ గ్రూపుల్లో దానికి పడిన చప్పట్లు అన్నీ ఇన్నీ కావు, నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. బాగా పేలింది. కానీ లైన్లకి ఎవరు పెడతారో అందులో లేదు. అడిగినవాణ్ణి మాత్రం మా గ్రూపులో పావుగంటలో పార్టీ అంటగట్టి, విశాఖ బాగుపడటం ఇష్టంలేదని తేల్చేశారు.

నాకు ఇష్టమే. విశాఖకి రావాలి, తప్పకుండా రావాలి. ఉద్యోగాల లెక్క మాత్రం కొంచెం నెమ్మదిగా వినండి. అక్కడ వినిపించిన అంకె ప్రత్యక్షంగా, పరోక్షంగా కలిపి లక్షా ఎనభై ఎనిమిది వేలు. ఇక్కడ వర్జీనియా శాసనసభ వాళ్ళ సొంత ఆడిట్ సంస్థ 2024 డిసెంబర్లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, రెండున్నర లక్షల చదరపు అడుగుల మామూలు డేటా సెంటర్‌లో పనిచేసేది యాభై మంది, అందులో సగం కాంట్రాక్టువాళ్ళు. కట్టేటప్పుడు వందలాది మంది ఉంటారు, అది నిజం, కట్టడం అయిపోతుంది, అదీ నిజం. అదే రిపోర్టు 2040 నాటికి ఇక్కడి మామూలు ఇంటి బిల్లు దీనివల్ల నెలకి 14 నుంచి 37 డాలర్ల వరకు పెరగొచ్చని కూడా చెప్పింది. నీళ్ళ సంగతి నేను ఎక్కువ మాట్లాడను, అది వేరే వ్యాసం. అనుకుంటున్న స్థలాల్లో ఒకటి ముడసర్లోవ దగ్గర, ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరు పక్కనే, అంతవరకు గుర్తుపెట్టుకోండి చాలు.

ఒప్పందమైనా నోటీసైనా కాగితం మీద పక్కాగా ఉండటం ఎందుకంత ముఖ్యమో మా పక్క కౌంటీని అడగండి. ప్రిన్స్ విలియంలో 2,100 ఎకరాల డేటా సెంటర్ల ప్రాజెక్టుకి 2023 డిసెంబర్లో 27 గంటలు ఏకబిగిన హియరింగ్ పెట్టి ఓకే చేశారు. 2025 ఆగస్టులో జడ్జి కొట్టేశారు, జనానికి నోటీసు సరిగ్గా ఇవ్వలేదని. వేల కోట్ల ప్రాజెక్టు పేపర్లో ప్రకటన దగ్గర బోల్తా పడింది. విశాఖ దగ్గర తర్లువాడలో ఈ డేటా సెంటర్ కోసం భూమి పోయే రైతుకి ఇచ్చే నోటీసు కూడా అంత పకడ్బందీగా ఉంటే రైతుకే కాదు, గూగుల్‌కీ మంచిదే.

మన రాష్ట్రంలో కరెంటు ఛార్జీ అన్నది ఆషామాషీ మాట కాదని పెదనాన్న తరానికి తెలుసు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయింది ఛార్జీల పెంపు మీద గొడవలోనే. ఆ వారం యూనిఫాం వేసుకుని మీటర్ రీడింగుకి వెళ్ళాలంటే తన స్టాఫ్ భయపడ్డారని చెప్పారాయన, అంతకంటే వివరంగా చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెళ్ళే ముందు రోజు డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని తెల్ల కాగితం మీద ఏదో రాస్తున్నారు. కరెంటు పంచే కంపెనీలు, అంటే డిస్కంలు, ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది లెక్కలు ఛార్జీలు తేల్చే రెగ్యులేటరీ కమిషన్‌కి (ఈఆర్‌సీ) ఇస్తాయి, ఎవరైనా అభ్యంతరాలు రాయొచ్చు, విచారణలో నిలబడి మాట్లాడొచ్చు, ఎన్నారైలు కూడా రాయొచ్చట. ఇంకా ఆరేడు నెలలుందిగా అంటే, మర్చిపోతానేమోనని అన్నారు. మా అబ్బాయిని పిలిచి టైపు చేయమన్నారు, వాడు తెలుగు టైపింగ్ రాదని ఇంగ్లీషులో కొట్టనా తాతయ్యా అంటే ఒప్పుకోలేదు, ఇద్దరూ కలిసి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటన్నర కూచున్నారు. నాలుగు ప్రశ్నలు. సీఎండీ ఎంత. ఎనభై శాతం రూలు వర్తిస్తుందా, ఎన్నేళ్ళు. సబ్‌స్టేషన్, లైన్ల ఖర్చు ఎవరిది. మధ్యలో కంపెనీ వెళ్ళిపోతే మిగిలిన బాకీ ఎవరి బిల్లులో వేస్తారు.

మా అబ్బాయి నాలుగోది టైపు చేస్తూ ఆగి, "వెళ్ళిపోతే ఆ బిల్డింగుని ఏం చేస్తారు తాతయ్యా?" అని అడిగాడు.

"గోడౌను" అన్నారు పెదనాన్న.