ఓడ సరుకుల జాబితాలో చివరి పేరు

ఈసారి మన సంఘం సెమీ క్రిస్మస్‌లో సండే స్కూలు పిల్లలు వేసిన సముద్ర వర్తకుల రూపకం అందరికీ నచ్చింది. తూర్పు జ్ఞానుల బంగారం, సాంబ్రాణి, బోళంతో మొదలుపెట్టి, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలోని ఓడ సరుకులను ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకుని స్టేజీ మీదికి తెచ్చారు. ముత్యాలు వచ్చాయి, పట్టు వచ్చింది, దాల్చినచెక్క, గోధుమలు వచ్చాయి, అట్టతో చేసిన రథం కూడా వచ్చింది. రథం వెనకే చప్పట్లు, కేక్ కటింగ్.

ఆ జాబితా మాత్రం రథంతో ఆగదు. "గుఱ్ఱములను రథములను దాసులను మనుష్యుల ప్రాణములను" అంటూ ముగుస్తుంది. చివరి సరుకు మనుషులు. స్క్రిప్టులో మొదట ఉన్న ఈ ముక్కను రిహార్సల్స్‌లో కల్చరల్ కమిటీ తీయించేసింది. "పండగ పూట బానిసల సంగతి ఎందుకండీ" అన్నది వారు చెప్పిన కారణం. ఎవరి మనసూ నొచ్చుకోకూడదనే అలా చేశారని తెలుసు. కానీ ఆ చివరి పేరు తీసేశాక అధ్యాయంలో మిగిలేది ఒక అంగడి వర్ణన. ఆ గ్రంథకర్త యోహాను రాసింది అంగడి వర్ణన కాదు, ఈ సరుకులన్నీ కొనే బబులోను అనే మహానగరం మీద తీర్పు.

జాబితాను వరసగా చూడండి. బంగారం, వెండితో మొదలై మనుషుల దగ్గర ముగిసేసరికి 28 సరుకులు. అవి ఏ రేవుల నుంచి వచ్చేవో మొదటి శతాబ్దపు పాఠకులకు చెప్పనక్కర్లేదు. పట్టు చైనా నుంచి చేతులు మారుతూ వచ్చేది. మన బైబిల్లో ‘దబ్బమ్రాను’ అని ఉన్న కలప ఉత్తర ఆఫ్రికాలోని అట్లాస్ కొండలది. ఆ కలపతో చేసిన ఒక్క బల్లకు రోమన్ నాయకుడు సిసిరో 5 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఊదారంగు సముద్రపు నత్తల నుంచి తీసేవారు. 1909లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలను చితక్కొట్టి తీస్తే దక్కిన రంగు 1.4 గ్రాములు. అన్ని నత్తలను సముద్రంలోంచి ఏరినవాళ్లు, ఆ కుళ్లు కంపు మధ్య తొట్ల దగ్గర నిలబడి పనిచేసినవాళ్లు ఎవరు అన్న ప్రశ్న ఈ ఒక్క లెక్కలోనే ఉంది. దంతం, సుగంధ తైలం మన దేశం నుంచీ వెళ్లేవి. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ఒక పపైరస్ పత్రంలో, కేరళ తీరంలోని ముజిరిస్ నుంచి ‘హెర్మపొల్లోన్’ అనే ఓడ తెచ్చిన సరుకు లెక్క ఉంది. విలువ సుమారు 70 లక్షల సెస్టర్సులు, దాని మీద రోము తీసుకున్న సుంకం 25 శాతం. ఆ కాలపు రేవుల వివరాలున్న ‘పెరిప్లస్’ అనే గ్రీకు నావికుల పుస్తకంలో మన మచిలీపట్నం తీరం ‘మసాలియా’గా కనిపిస్తుంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని అందులో ఉంది.

ఇప్పుడు జాబితాలోని క్రమం గమనించండి. నగలు, బట్టలు, కలప, లోహం, రాయి, సుగంధాలు, తిండి, పశువులు, గొర్రెలు, గుర్రాలు, రథాలు. పశువులన్నీ అయ్యాక, బండ్లు కూడా అయ్యాక మనుషులు. గ్రీసు దగ్గరి డెలోస్ దీవి రేవులో ఒక్క రోజులో 10,000 మంది బానిసలను దించుకుని, అమ్మి, పంపించగలిగేవారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. "వర్తకుడా, ఓడ కట్టు, సరుకు దించు, అంతా అమ్ముడుపోయింది" అని అక్కడ నానుడే ఉండేదట. ప్రకటన 18లో బబులోను కూలి తమ మార్కెట్టు పోయిందని ఓడల నాయకులు తలల మీద దుమ్ము పోసుకుని ఏడుస్తుంటే, పరలోకం సంతోషించమంటుంది. ఎందుకు సంతోషించాలో చివరి సరుకు తెలిస్తేనే అర్థమవుతుంది.

ఈ జాబితా పద్ధతిని యోహాను యెహెజ్కేలు నుంచి తీసుకున్నాడు. 27వ అధ్యాయంలో తూరు పట్టణమే ఒక ఓడ. ప్రవక్త దాన్ని పలక పలకగా కట్టి చూపిస్తాడు. పలకలకు శెనీరు నుంచి కలప, స్తంభానికి లెబానోను దేవదారు, తెడ్లకు బాషాను సింధూరం, తెరచాపకు ఐగుప్తు నుంచి వచ్చిన బుట్టా వేసిన నారబట్ట. సీదోను, అర్వదు మనుషులు తెడ్లు వేస్తారు, తూరువారే చుక్కాని పడతారు, పలకల సందులు పూడ్చి నీరు కారకుండా చేసే పని గెబలు పెద్దలది. ఓడలను దగ్గర నుంచి ఎరిగినవాళ్లకు తప్ప ఇంత వివరం రాదు. సరుకూ అంతే లెక్కగా చెబుతాడు. తర్షీషు నుంచి వెండి, ఇనుము, తగరం, సీసం. తోగర్మా నుంచి గుర్రాలు, కంచరగాడిదలు. యూదా, ఇశ్రాయేలుల నుంచి గోధుమలు, తేనె, నూనె, గుగ్గిలం. షేబ నుంచి సుగంధాలు, రత్నాలు, బంగారం. ఈ వరసలో 13వ వచనం దగ్గర యావాను (గ్రీకుల దేశం), తుబాలు, మెషెకు వర్తకులు ఇత్తడి వస్తువులతో పాటు మనుషులనూ తెచ్చారని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతాడు. తూరు, సీదోనులు యూదావారిని గ్రీకులకు అమ్మేశాయని యోవేలు 3వ అధ్యాయం నేరుగానే తప్పుపడుతుంది. చివరకు తూర్పు గాలికి ఆ ఓడ నడిసముద్రంలో బద్దలవుతుంది.

బైబిలుకు సముద్ర వర్తకమంటే గిట్టదని మాత్రం అనలేం. తూరు రాజు హీరాము లెబానోను దేవదారు మానులను తెప్పలుగా కట్టి సముద్రం మీద యొప్పే దాకా పంపిస్తే, సొలొమోను ఏటా 20,000 కొరుల (ఆనాటి ధాన్యపు కొలత) గోధుమలు బదులిచ్చాడు. మందిరం కట్టడానికి కలప వచ్చిన దారి అదే. ఓఫీరు నుంచి 420 తలాంతుల (ఆనాటి తూకం) బంగారం వచ్చింది. ఆ తర్వాత యూదా రాజు యెహోషాపాతు కట్టించిన ఓడలు ఎసోన్గెబెరు రేవు దాటకుండానే పగిలిపోయాయి. మంచి ఇల్లాలిని సామెతలు 31 పోల్చింది వర్తకపు ఓడలతోనే. నీ ఆహారాన్ని నీళ్ల మీద వేయమని, ఏడుగురికీ ఎనిమిది మందికీ పంచిపెట్టమని ప్రసంగి అంటే, సరుకంతా ఒకే ఓడలో పెట్టవద్దన్న వర్తకుల తెలివి అందులో ఉందని చాలామంది వ్యాఖ్యాతల మాట. ఫిలిప్పీలో పౌలుకు ఇల్లు తెరిచిన లూదియ ఊదారంగు పొడి అమ్ముకునే వ్యాపారి. కాబట్టి మన బిజినెస్ ఫోరమ్ ప్రార్థనల్లో తర్షీషు ఓడల ప్రస్తావన వస్తే తప్పేమీ లేదు. తర్షీషు ఓడలను మాత్రమే గుర్తుపెట్టుకుని, వాటి అడుగున ఉన్నవాళ్లను వదిలేయడంతోనే పేచీ.

సరుకుకీ మనిషికీ మధ్య తూకం ఎలా ఉండాలో బైబిల్లో ఒక ప్రయాణం పూర్తిగా చూపిస్తుంది. అది అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. సండే స్కూల్లో దీన్ని తుఫాను కథగా చెప్పేసి వదిలేస్తాం. కథను నడిపేది గోధుమలు. అలెక్సంద్రియ నుంచి రోముకు ధాన్యం తీసుకెళ్లే ఓడ అది. వేసవిలో ఆ సముద్రం మీద వాయవ్యపు గాలులు ఎదురు వీస్తాయి గనుక, ధాన్యపు ఓడలు ముందు ఉత్తరంగా చిన్న ఆసియా (నేటి టర్కీ) తీరానికి చేరి, అక్కడి నుంచి పడమటికి మళ్లేవి. అందుకే పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తున్న శతాధిపతికి (రోమన్ సైనికాధికారికి) ఆ ఓడ మూర రేవులో దొరికింది. సెప్టెంబరు సగం దాటితే ప్రయాణం ప్రమాదమని, నవంబరు 11 తర్వాత సముద్రం మూసినట్టేనని రోమన్ రచయిత వెజీషియస్ లెక్క చెప్పాడు. ఓడ మంచిరేవులు అనే చోట ఆగేసరికి సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే యూదుల ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం కూడా దాటిపోయింది. ముందుకు పోతే సరుకుకే కాదు, ప్రాణాలకూ నష్టమని పౌలు చెప్పాడు. శతాధిపతి పౌలు మాట వదిలేసి చుక్కాని పట్టేవాడినీ, ఓడ యజమానినీ నమ్మాడు. యజమాని ధీమాకు ఒక కారణం ఉండి ఉండవచ్చు. చలికాలంలో ధాన్యం తెచ్చే ఓడలు తుఫానులో నష్టపోతే ఆ నష్టం తానే భరిస్తానని క్లౌదియ చక్రవర్తి వర్తకులకు హామీ ఇచ్చాడు. సరుకుకు ఆ హామీ ఉంది, ఓడలోని మనుషులకు లేదు.

ఊరకులోను అనే ఈశాన్యపు పెనుగాలి విరుచుకుపడ్డాక జరిగింది వరసగా చదివితే నావికుల పని కళ్లకు కడుతుంది. వెనక తేలుతున్న చిన్న పడవను పైకి లాగారు. పలకలు విడిపోకుండా ఓడ చుట్టూ తాళ్లు బిగించారు. మరునాడు సరుకు పారవేయడం మొదలుపెట్టారు, మూడో రోజు ఓడ సామగ్రిని కూడా పారేశారు. పద్నాలుగో రాత్రి లోతు చూస్తే 20 బారలు, కాస్త ముందుకు పోయాక 15 బారలు. వెనక వైపు నాలుగు లంగర్లు వేసి తెల్లవారే దాకా ఆగారు. పౌలు రొట్టె విరిచి అందరి చేతా తినిపించాక, మిగిలిన గోధుమలను కూడా సముద్రంలో పారబోశారు. గోధుమ తడిస్తే ఉబ్బి పలకల మీద ఒత్తిడి పెడుతుంది. అడుగున విడిగా పోసిన ధాన్యం ఓడ ఒరిగినప్పుడు ఒకే పక్కకు జారి, మళ్లీ నిలబడనివ్వదు. ఈనాటికీ ధాన్యపు ఓడలకు ప్రత్యేక అంతర్జాతీయ నియమావళి ఉన్నది ఆ భయంతోనే. పైగా ఓడ తేలికైతేనే ఒడ్డుకు మరింత దగ్గరగా వెళ్లి ఇసుకలో దిగుతుంది. ఖైదీలను చంపేద్దామని సైనికులు ఆలోచిస్తే శతాధిపతి అడ్డుకున్నాడు. ఓడ పోయింది, రోముకు చేరాల్సిన గోధుమలు పోయాయి, 276 మందీ ఒడ్డెక్కారు. ఆ లెక్కలో ఖైదీలూ ఉన్నారు. మనుషులను సరుకుతో కలిపి రాసిన ప్రకటన 18కి సరైన ఎదురు చిత్రం ఇదే.

ఇక మనకు దీంతో ఏం పని అని అడిగేవారికి. 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు డర్బన్ రేవుకు ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి 342 మందిని తెచ్చింది. 1911 దాకా ఇలా నటాల్‌కు వెళ్లిన భారతీయ కూలీలు సుమారు 1,52,000 మంది. మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు. ఐదేళ్ల ఒప్పందపు కూలీ చట్టప్రకారం బానిస కాదు, ఆ తేడా చెరపకూడదు. అయినా తోటల యజమానులు అడిగిన లెక్కకు మనుషులను ఓడల్లో నింపి దించిన పద్ధతి యెహెజ్కేలు 27లోని ఆ 13వ వచనానికి మరీ దూరంలో లేదు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను నటాల్‌కు పంపింది ఈ కూలీల దగ్గరకే. మిషనరీలను అందుకున్న సంఘం, తన మనుషుల కోసం తానే ఒక మిషనరీని సముద్రం దాటించింది. ఇంత గొప్ప సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ రోజుకు వస్తే, కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లిన ఆడవాళ్ల ప్రార్థన విన్నపాలు మన వాట్సాప్ గుంపుల్లోకి వస్తూనే ఉన్నాయి. పాస్‌పోర్టు కఫీలు (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర, అప్పు ఏజెంటు దగ్గర. వాళ్ల కోసం ఉపవాస ప్రార్థన పెడతాం, చందా వేసి టికెట్ కొని ఇంటికి పంపుతాం. ఇంత చేసే సంఘానికి ప్రకటన 18లోని ఆ ఒక్క వచనం స్టేజీ మీద వినిపించడం బరువు కాకూడదు.

చిన్నపిల్లలకు ఇవన్నీ ఎలా చెబుతామన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే యోసేపును అన్నలు 20 తులాల వెండికి అమ్మేసే ఘట్టాన్ని ఐదేళ్ల పిల్లలతోనే వేయిస్తున్నాం. అతన్ని కొన్నవాళ్లు గుగ్గిలం, బోళం, సుగంధాలు ఒంటెల మీద వేసుకుని ఐగుప్తుకు పోతున్న వర్తకులు. ఆ బేరంలో కూడా సుగంధాల పక్కన మనిషి ఉన్నాడు. పిల్లలు అర్థం చేసుకుంటున్నారు, ప్రశ్నలు కూడా వేస్తున్నారు. పండగ పూట వినడానికి ఇబ్బంది పడుతున్నది పెద్దలమే. ఇంటికి చుట్టాలొస్తే బాధ కలిగించే మాట ఎత్తని మన మర్యాద మంచిదే, దాన్ని వాక్యం చదివేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి.

వచ్చే ఏడాది ఇదే రూపకం వేయండి, సరుకులు ఒక్కటీ తగ్గించకండి. రథం తర్వాత ఇద్దరు పెద్దలు ఖాళీ చేతులతో నడిచి రావాలి, మెడలో ఓడ జాబితా పలక ఉండాలి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. అప్పుడు ప్రకటన 18లోని 13వ వచనం మొత్తం చదవాలి. వెంటనే తుఫాను దృశ్యం: పిల్లలు గోధుమ మూటలను స్టేజీ కిందికి విసరాలి, ఒకరు 276 దాకా లెక్క పలకాలి, హాలంతా గొంతు కలపవచ్చు. పదుల్లో లెక్కపెడితే అంతా కలిపి ఆరేడు నిమిషాలకు మించదు. స్క్రిప్టు రాసివ్వడానికీ, రిహార్సల్స్ చూసుకోవడానికీ మా బైబిలు అధ్యయన బృందం సిద్ధం. అక్టోబరులోపు కల్చరల్ కమిటీ ఒక్క మాట చెబితే పని మొదలుపెడతాం.