క్వాంటమ్ కంప్యూటర్ తాళాలన్నీ పగలగొట్టేసిందన్న ఆ మెసేజ్ ఇక ఆపండి

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు కూడా "నిజమేనా?" అని ఒక్క ముక్క తగిలించి ముందుకు తోసేస్తున్నారు, నిజమో కాదో చూసే పని మాత్రం అవతలివాళ్లకు వదిలేస్తున్నారు. ఇంకా అందనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. గూగుల్ కొత్త చిప్ సూపర్ కంప్యూటర్లకు కోటానుకోట్ల ఏళ్లు పట్టే లెక్కను 5 నిమిషాల్లో చేసిందట. క్వాంటమ్ కంప్యూటర్ అన్ని పాస్‌వర్డ్‌లనూ ఒకేసారి ప్రయత్నిస్తుందట. చైనా వాళ్లు సైనిక స్థాయి ఎన్‌క్రిప్షన్‌ను, అంటే సమాచారానికి వేసే గణిత తాళాన్ని, ఇప్పటికే ఛేదించారట. కాబట్టి బ్యాంకు ఖాతాలు, ఓటీపీలు, చాట్‌లు అన్నీ బట్టబయలేనట, గణిత శాస్త్రజ్ఞుల దగ్గర దీనికి విరుగుడే లేదట, మన డేటాను ఈరోజు దాచిపెట్టుకున్నవాళ్లు రేపు తీరిగ్గా చదువుకుంటారట. అడుగున ఒక లింకు, "క్వాంటమ్ ప్రూఫ్" యాప్ వేసుకోమని.

చిప్ పేరు విల్లో. 2024 డిసెంబర్‌లో ప్రకటించారు, 105 క్యూబిట్లు (మామూలు కంప్యూటర్‌లో బిట్లలాగా, క్వాంటమ్ కంప్యూటర్ లెక్క చేసేది వీటితో). 5 నిమిషాలన్నది నిజమే, 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని ఏళ్లన్నదీ వాళ్లు ఇచ్చిన అంచనాయే. ఆ లెక్క ఏమిటో మెసేజ్ రాసినవాళ్లు చెప్పరు. యాదృచ్ఛికంగా అల్లిన ఒక క్వాంటమ్ సర్క్యూట్‌ను నడిపి, దాన్నుంచి వచ్చే ఫలితాల నమూనాలు తీయడం, అంతే. దాంతో తాళం తెరుచుకోదు, మందు తయారవదు, దేనికీ పనికొచ్చే జవాబు రాదు. క్వాంటమ్ యంత్రానికి అనుకూలంగా, మామూలు కంప్యూటర్‌కు కష్టంగా ఉండేలా ఏరికోరి ఎంచుకున్న పరీక్ష అది. పైగా అలాంటి అంచనాలు నిలబడతాయన్న హామీ కూడా లేదు. 2019లో ఇదే సంస్థ 53 క్యూబిట్ల సికమోర్ చిప్‌తో 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందంటే, రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే అంది, తర్వాత కొందరు పరిశోధకులు మామూలు ప్రాసెసర్లతోనే గంటల్లోకి దించారు.

విల్లోలో నిజంగా గొప్ప విషయం వేరే ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. క్యూబిట్లు మహా తప్పులు చేస్తాయి, అందుకని చాలా క్యూబిట్లను కలిపి ఒక నమ్మకమైన క్యూబిట్‌గా వాడాలి. ఆ గుంపు పెంచుతూ పోతే తప్పులు తగ్గుతాయా, పెరుగుతాయా అన్నది మూడు దశాబ్దాల నాటి ప్రశ్న. 3×3 గడి నుంచి 5×5కి, అక్కడి నుంచి 7×7కి వెళ్తే ప్రతిసారీ తప్పులు సగానికి పైగా తగ్గాయని వీళ్లు చూపించారు. పండగ చేసుకోవాల్సిన ఫలితం అది.

ఆ మెసేజ్ మధ్యలో, చిప్ సమాంతర విశ్వాల్లో లెక్క చేసిందన్న ముక్క కూడా ఒకటి ఉంది. ఒకరి అభిప్రాయం అది, దాన్నిబట్టి ఏ తాళమూ తెరుచుకోదు. బిట్‌కాయిన్ రేపే సున్నా అవుతుందని అందులో ఉన్నదీ అంతే, దాని లావాదేవీల డిజిటల్ సంతకాలను ఫోర్జరీ చేయగలిగేంత యంత్రం ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. "అన్ని పాస్‌వర్డ్‌లనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది." ఈ ఒక్క వాక్యమే మిగతా భయాలన్నింటికీ తల్లివేరు. పత్రికలు రాశాయి, వీడియోలు చెప్పాయి, చివరికి పాఠాలు చెప్పేవాళ్లు కూడా సులువుగా ఉంటుందని ఇదే చెప్తున్నారు. తప్పు. సరళంగా చెప్పబోయి కాస్త పక్కకు పోయిన తప్పు కూడా కాదు, పూర్తిగా తప్పు. అన్ని అవకాశాలూ కలగలిసిన స్థితిలో క్యూబిట్లను ఉంచవచ్చు, నిజమే. కానీ కొలిచిన క్షణంలో వాటిలో ఏదో ఒక్కటే చేతికొస్తుంది, అదీ యాదృచ్ఛికంగా. పది లక్షల పాస్‌వర్డ్‌లు కలిపి ఉంచి కొలిస్తే వచ్చేది లాటరీ చీటీ, దానికి అంత ఖరీదైన యంత్రం దేనికి? ఉపయోగం రావాలంటే తప్పు జవాబుల తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, సరైన జవాబు తరంగాలు ఒకదానికొకటి బలం చేకూర్చుకునేలా లెక్కను అల్లాలి. అలా అల్లడానికి సమస్యలో ఏదో ఒక లయ ఉండాలి. చాలా సమస్యల్లో అది ఉండదు.

లయ అంటే ఏమిటో చిన్న లెక్కలో చూడండి, కాగితం మీద మీరే చేయొచ్చు. ఇంటర్నెట్‌లో వాడే ఆర్‌ఎస్‌ఏ అనే తాళం, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్నదాని మీదే నిలబడింది. మనం చిన్నగా 15ని విడగొడదాం. 7ను తీసుకుని దాని ఘాతాలను 15తో భాగిస్తూ శేషాలు రాయండి: 7, 4, 13, 1, మళ్లీ 7, 4, 13, 1. నాలుగేసి అడుగులకు ఒకసారి తిరిగొస్తోంది. ఆ 4లో సగం 2, కాబట్టి 7 ఘాతం 2 తీసుకుంటే 49. దానికి ఒకటి తగ్గిస్తే 48, ఒకటి కలిపితే 50. 48కీ 15కీ గ.సా.భా. 3, 50కీ 15కీ గ.సా.భా. 5. అయిపోయింది, 15 అంటే 3 సార్లు 5. ఈ తిరిగొచ్చే వ్యవధి తెలిస్తే మిగతాది హైస్కూల్ లెక్కే. ఆర్‌ఎస్‌ఏలో వాడే 617 అంకెల సంఖ్యకు ఆ వ్యవధి కనుక్కోవడమే మామూలు కంప్యూటర్‌కు చేతకాని పని. తరంగాల రద్దుతో దాన్ని త్వరగా పట్టుకోవచ్చని 1994లో పీటర్ షోర్ చూపించాడు. ఇందులో "అన్నీ ప్రయత్నించడం" ఎక్కడుందో చెప్పండి. ఆర్‌ఎస్‌ఏ లాంటి తాళాలకు ముప్పున్నది వాటిలో ఆ లయ దాగి ఉన్నందుకే.

పాస్‌వర్డ్‌లో ఏ లయా ఉండదు. లయ లేని గుడ్డి వెతుకులాటకు క్వాంటమ్ ఎంత సాయం చేస్తుందో 1996లో లవ్ గ్రోవర్ చూపించాడు: వెతకాల్సినవాటి సంఖ్యకు వర్గమూలమంత. అంతకంటే తగ్గించడం ఏ క్వాంటమ్ పద్ధతికీ సాధ్యం కాదని బెనెట్, బెర్న్‌స్టీన్, బ్రసార్, వజీరానీ రుజువు చేశారు, 1997లో అచ్చయింది. మళ్లీ చెప్తున్నాను, అది ఎవరో అనుకున్న మాట కాదు, రుజువైన సిద్ధాంతం. మీరు ఫార్వర్డ్ చేస్తున్న వాక్యం తప్పని పాతికేళ్లకు పైగా గణితంలో రాసిపెట్టి ఉంది. ఫైళ్లకు, చాట్‌లకు వేసే ఏఈఎస్-256 అనే తాళంలో 2 ఘాతం 256 అవకాశాలుంటే గ్రోవర్ పద్ధతికి కూడా 2 ఘాతం 128 అడుగులు కావాలి, అవీ ఒకదాని తర్వాత ఒకటి, తప్పులు సరిదిద్దుకుంటూ. వేసుకోండి లెక్క, సూర్యుడు ఆరిపోయినా అవ్వదు.

చైనా వార్త. 2024లో షాంఘై విశ్వవిద్యాలయం వాళ్లు డీ-వేవ్ అనే కంపెనీ క్వాంటమ్ యంత్రం మీద విడగొట్టింది 22 బిట్ల సంఖ్య. 22 బిట్లు అంటే గరిష్ఠంగా 41,94,303. దాన్ని విడగొట్టాలంటే 2048 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, అవి మొత్తం 309. కాలిక్యులేటర్ ఉన్న పదో తరగతి పిల్లవాడు ఒక పూటలో ముగిస్తాడు. వాడుకలో ఉన్న ఆర్‌ఎస్‌ఏ తాళం 2048 బిట్లు, అంటే ఇందాకటి 617 అంకెలు. "సైనిక స్థాయి" అన్న మాట శీర్షికలు పెట్టినవాళ్ల చలవ. డీ-వేవ్ యంత్రం షోర్ పద్ధతిని నడిపే రకం కూడా కాదు. అంతకుముందు 2022 డిసెంబర్‌లో ఇంకో చైనా బృందం 372 క్యూబిట్లతో 2048 బిట్ల తాళం తెరవొచ్చని పత్రం పెడితే ఇదే గోల. తమ పద్ధతి వేగం పెంచుతుందో లేదో స్పష్టత లేదని ఆ పత్రంలోనే రాసి ఉంది. అప్పటికే ఐబీఎం దగ్గర 433 క్యూబిట్ల చిప్ ఉంది, ఏడాది తిరిగేసరికి 1,121 క్యూబిట్లది వచ్చింది. తాళం తెరుచుకుందా?

షోర్ పద్ధతితో 2001లో ఐబీఎం 15ను విడగొట్టింది. 2012లో ఇంకో బృందం 21ను. మామూలు కంప్యూటర్లేమో 2020 ఫిబ్రవరిలో 829 బిట్ల ఆర్‌ఎస్‌ఏ-250ని విడగొట్టాయి, ఒక్క ప్రాసెసర్ కోర్ మీద అయితే సుమారు 2,700 ఏళ్లు పట్టే శ్రమతో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాక కూడా ఆ వార్త పంపాలనిపిస్తే పంపండి, నేనింకేం చెప్పను.

ఓటీపీ గురించి రాయాలంటేనే విసుగొస్తోంది. 6 అంకెల ఓటీపీకి పది లక్షల అవకాశాలే. పాత ఫోన్ కూడా రెప్పపాటులో అన్నీ లెక్కపెట్టేస్తుంది. అయినా అది పనిచేస్తోందంటే కారణం కొద్ది నిమిషాల్లో కాలం చెల్లడం, కొన్నిసార్లు తప్పు కొడితే ఆగిపోవడం. క్వాంటమ్ ఇక్కడ ఏం చేస్తుంది, సర్వర్‌ను బతిమాలుతుందా? డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఫోన్‌లో ఎవరికో ఓటీపీ చదివి వినిపించి పోగొట్టుకుంటున్నారు. "అన్నీ బట్టబయలే, ఇక పాస్‌వర్డ్ మార్చినా దండగే" అని రాసిన మెసేజ్ సరిగ్గా వాళ్లనే ఇంకా అజాగ్రత్తలోకి నెడుతోంది.

విరుగుడు లేదన్నదైతే గణిత శాస్త్రజ్ఞులకు అవమానం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లోనే కొత్త పద్ధతులు పంపమని ప్రపంచాన్ని అడిగింది, 2024 ఆగస్టు 13న మూడు ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనవి లాటిస్ గణితం మీద నిలబడ్డాయి, స్థూలంగా చెప్పాలంటే ప్రతి సమీకరణంలో కావాలని కొంచెం తప్పు కలిపేసి, ఇప్పుడు సాధించమనడం. ఇది గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్న వ్యవహారం కాదు. 2024 ఏప్రిల్‌లో యిలే చెన్ అనే పరిశోధకుడు ఈ లాటిస్ సమస్యకు క్వాంటమ్ దారి దొరికిందని పత్రం పెడితే ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది, 8 రోజుల్లో అందులో పొరపాటు దొరికింది, ఆయనే ఒప్పుకున్నాడు. అలా అందరూ కలిసి పొడిచి చూసినవే ప్రమాణాలయ్యాయి. చాట్ యాప్ సిగ్నల్ 2023లో, ఆపిల్ ఐమెసేజ్ 2024లో ఇలాంటి పద్ధతికి మారాయి, క్రోమ్ బ్రౌజర్ 2024 నుంచి మామూలుగానే వాడుతోంది. మీరు మెసేజ్ ఫార్వర్డ్ చేసిన ఫోన్‌లోనే విరుగుడు ఉండి ఉండొచ్చు.

ఇక "ఈరోజు దాచుకుని రేపు చదువుతారు". ఇది నిజం. ఈ మెసేజ్ పెట్టే భయాల్లో ఒప్పుకోవాల్సిన మాట ఇదొక్కటే, దీన్నీ కలిపి కొట్టిపారేస్తున్న మిత్రులతో నేను ఏకీభవించను. పాత పద్ధతిలో తాళం వేసిన డేటాను ఇప్పుడు కాపీ చేసుకుంటే, యంత్రం వచ్చిన రోజున తెరవొచ్చు. ఆ రోజు దగ్గరికి జరుగుతోంది కూడా. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏకు 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరో లెక్కగట్టారు. అదే క్రెయిగ్ గిడ్నీ 2025 మేలో 10 లక్షల లోపు క్యూబిట్లు, వారం లోపు సమయం చాలన్నాడు. యంత్రాలు ఎదగకముందే లెక్క ఇరవయ్యో వంతుకు దిగింది. నిస్ట్ ముసాయిదా ప్రకారం 2035 తర్వాత ఈ పాత తాళాలకు చోటు లేదు. పదిహేను, ఇరవై ఏళ్లు రహస్యంగా ఉండాల్సిన వైద్య రికార్డులు, విలేకరులకు సమాచారం ఇచ్చేవాళ్ల పేర్లు దాచే సంస్థలు ఇంకా మారలేదంటే అది ఈరోజు సమస్యే, వాళ్లను గట్టిగా అడగాలి. ఏ ఏడాదికి మారతారని మీ ఆఫీసులో అడిగారా ఎవరైనా?

చివరిది, లింకు. భయపెట్టి భయపెట్టి చివర్లో యాప్ వేసుకోమంటున్నారు చూశారా, దానికే ఇంత రాశాను. ఆ యాప్ ఏ పద్ధతి వాడుతుందో ఎక్కడా లేదు, "రహస్య అల్గారిథమ్" అంటారు. క్వాంటమ్‌కు తట్టుకుంటుందనుకున్న సైక్ అని ఒక పద్ధతి ఉండేది, నిస్ట్ పరిశీలనలో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది, నిపుణులు ఏళ్ల తరబడి తిప్పితిప్పి చూశారు. 2022లో కాస్ట్రిక్, డెక్రూ అనే ఇద్దరు దాని ఒక రకాన్ని మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద సుమారు గంటలో పగలగొట్టారు. క్వాంటమ్ అవసరమే రాలేదు. బహిరంగంగా అంత పరీక్షకు నిలిచినదే అలా కూలితే, ఎవరికీ చూపించని అల్గారిథమ్‌ను ఏ ధైర్యంతో మీ అమ్మానాన్నల ఫోన్‌లో వేస్తున్నారు? అది కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతోంది. ఎస్సెమ్మెస్‌లు అంటే ఓటీపీలే. వేసుకున్నవాళ్లుంటే ముందు అనుమతులు తీసేసి, యాప్ తొలగించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి, బ్యాంకుకు కూడా చెప్పండి. తర్వాత ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ ఆగి ఉన్న అప్‌డేట్లు పూర్తిచేయండి, కొత్త తాళాలు వచ్చేది వాటిలోనే. మెసేజ్ మీకు పంపినవాళ్లకు ఈ రెండు ముక్కలూ ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.