ఇరవై మూడేళ్లకే తల్లివా?

నాకు 23 ఏళ్లకు పాప పుట్టింది. అప్పట్నుంచీ "అప్పుడే పిల్లేంటి, ఇంకా నీకే వయసు రాలేదు" అని ముఖం మీదే అనేస్తున్నారు. మొన్న టీకా వేయించడానికి వెళ్తే, రిజిస్టర్ రాసే ఆవిడ నన్నూ పాపనూ మార్చి మార్చి చూసి "వాళ్లమ్మ రాలేదా?" అంది. పాపేమో నా మెడ పట్టుకుని వదలడం లేదు!

మా అమ్మమ్మకు ఈ వయసుకి ముగ్గురు పిల్లలు. ఆమెను ఎవరూ చిన్నపిల్ల అనలేదు, పైగా నాలుగో కాన్పు ఎప్పుడన్నారట. ఇప్పుడు ముప్ఫై దాటాక కంటేనే సరైన వయసట. అలాగని 36 ఏళ్లకు కడుపుతో ఉన్న మా అక్కనైనా వదిలారా? "ఇంత ఆలస్యమా" అంటూ ఆమెకు రోజూ టెన్షనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమార గర్భం అంటే 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వచ్చేది. ఆ వయసులో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ముప్పు ఎక్కువ. ఆ పిల్లల గురించి మాట్లాడండి, నేనూ గొంతు కలుపుతాను. నన్ను మాత్రం వదిలేయండి. వయసు అడిగేవాళ్లే గానీ, రాత్రి కాస్తయినా నిద్రపోయావా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.