కాచక్కర్లేని డప్పు

సంగీతం రావాలంటే పదేళ్ల సాధన కావాలని భయపెట్టే వాళ్ల మాటలు నమ్మకండి. ఒక ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. ఇంట్లో వాళ్లు త్వరగా పడుకుంటే మరీ మంచిది.

నేను కొన్న సాఫ్ట్‌వేర్‌లో డప్పు కూడా ఉంది. అసలు డప్పయితే చర్మం వదులైనప్పుడల్లా మంట దగ్గర కాచాలి, ఒక చేత్తో సిర్ర, ఇంకో చేత్తో చిటికెన పుల్ల పట్టాలి, ఆపైన వాయించడం కూడా రావాలి. ఇక్కడ ఆ గొడవే లేదు, కాచే పని అసలే లేదు, ల్యాప్‌టాప్ దానంతటదే కాగుతుంది. దెబ్బ ఎంత గట్టిగా పడాలో 1 నుంచి 127 లోపు ఒక నంబర్ ఇస్తే సరి. 1983లో వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, మిడి, వచ్చినప్పుడే ఈ లెక్క తేల్చేశారు. 128వ రకం దెబ్బ కొట్టేవాడు మా వీధిలో ఉన్నాడంటే తప్పు వాడిదే.

చిక్కల్లా గమకాలతోనే. పియానో రోల్ అనే గళ్ల కాగితం మీద స్వరమంటే ఒక ఇటుక, పేర్చుకుంటూ పోవడమే. కానీ తోడి రాగంలో గాంధారం ఇటుకలా కూర్చోదు కదా, ఊగుతుంది. దాన్ని ఊపడానికి కింద పిచ్ బెండ్ గీత ఉంటుంది, మౌస్‌తో పైకీ కిందికీ లాగుతూ ఉండాలి. ఒక్క గాంధారానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. వీణ నేర్పే మా పెద్దమ్మకి గర్వంగా చూపిస్తే, స్క్రీన్ వంక చూసి "ఎవరిదిరా ఈ ఈసీజీ, మనిషి బాగానే ఉన్నాడా?" అంది.

ఇక గొంతు సంగతి. 1997లో, శ్రుతి తప్పిన గొంతుని సరిచేసే ఆటో-ట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి తరంగాలు పంపి చమురు జాడ పట్టే లెక్కలు చేసేవారు. నా గొంతులో శ్రుతి కోసం కూడా ఆ స్థాయి తవ్వకాలే జరిగాయి, నిక్షేపాలు మాత్రం దొరకలేదు.

మొన్న బోనాలకి పోతరాజు ముందు వాయిస్తున్న డప్పుల్ని ఫోన్‌లో రికార్డ్ చేసి తెచ్చాను. తాళానికి గీతలు గీసి ఉండే గ్రిడ్ మీద పెట్టి చూస్తే ఘోరం, ఒక్క దెబ్బా గీత మీద లేదు, కొన్ని ముందు, కొన్ని వెనక. పాపం పోతరాజు ఇన్ని తప్పులకి అంతసేపు ఊగాడా అని జాలేసింది. వెంటనే క్వాంటైజ్ కొట్టాను. దెబ్బలన్నీ స్కూలు ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా బుద్ధిగా గీతల మీదకొచ్చాయి. వింటే కుట్టుమిషన్.

దీనికీ మందుంది. హ్యూమనైజ్ అని ఒక బటన్, నొక్కితే దెబ్బల్ని కాస్త అటూ ఇటూ జరిపి మనిషి వాయించినట్టు చేస్తుంది. ముందు 15 శాతం మనిషిని కలిపాను. ఉప్పు చాలలేదనిపించి 20కి పెంచాను. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో ఏదో బరాత్‌కి డప్పులు మొదలయ్యాయి, హెడ్‌ఫోన్స్‌లోకి కూడా వినపడుతున్నాయి. డిస్టర్బెన్స్‌గా ఉందని లేచి కిటికీ మూసేశాను.