చెరువు నిండా ఇచ్చేవాళ్లే

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. బారా షహీద్ దర్గా పక్కన నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. పుచ్చుకున్నవాడు పని జరిగాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇచ్చుకోవాలి. ఎంత తేలికైన ఏర్పాటు! రసీదు లేదు, ఓటీపీ లేదు.

ఇలాంటి ఊళ్లో ఇష్టమైన సినిమాలు పంచుకునే వ్యవహారం ఇంత అధ్వాన్నంగా ఎందుకుందన్నది నన్ను కొన్నేళ్లుగా వేధిస్తున్న సమస్య. పెన్నకి వరదొస్తే కలెక్టరు చూసుకుంటాడు. దీన్ని చూసే నాథుడు లేడు కాబట్టి నేనే పూనుకున్నాను. నా పరిశోధనా కేంద్రం మద్రాసు బస్టాండు దగ్గర ఒక టీ బంకు. సమయం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. తేలిందేమిటంటే, బంకు ముందు నిలబడ్డ ప్రతివాడి చేతిలోనూ రొట్టె ఉంది. చెయ్యి చాపేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"రాత్రి ఒక సినిమా చూసినా. ఏం తీసినాడబ్బా!" అంటాడొకాయన. ఏ సినిమా అని ఎవరూ అడగరు.

"అదట్టుంచన్నా. పోయిన వారం నేను చెప్పింది చూసినావా?" అంటాడు పక్కాయన.

"సగం చూసినా."

సగం చూడటమంటే పోస్టరు చూడటం. నా లెక్క ప్రకారం పావు చూడటమంటే పేరు గుర్తుండటం.

ఇక గట్టిగా నిలదీసి "నీకు బాగా ఇష్టమైన సినిమా ఏది?" అని అడిగితే, బంకు మొత్తం ఒక్క గొంతుతో 'మాయాబజార్' అంటుంది. తప్పేం లేదు. కాకపోతే ఇది ఇష్టం కాదు, ఇంటిపేరు లాంటిది. అడిగితే చెప్పేస్తారు, అంతే. 1957లో ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి పేరు ఐదుగురిలో ఒకరికి తెలుసు. స్టూడియో దీపాలతో వెన్నెల కాయించిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీ పేరు చెబితే, "ఆయన దొర కదా, మన సినిమాల్లో ఎందుకుంటాడు?" అన్నారు. అదే సినిమాకి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు మన జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు అన్నాను. బంకు యజమాని టీ పొంగుతున్నా పట్టించుకోకుండా నన్ను అనుమానంగా చూశాడు.

దీనికి మూలం మన భాషలోనే ఉందని నా అభిప్రాయం. మనం "ఎవరి సినిమా?" అని అడుగుతాం. జవాబుగా హీరో పేరు వస్తుంది. పెళ్లిలో చేపల పులుసు బ్రహ్మాండంగా ఉంటే పెళ్లికొడుకుని మెచ్చుకున్నట్టు. వంటమనిషి ఎప్పుడు గుర్తొస్తాడు? ఉప్పెక్కువైనప్పుడు. ఆడితే హీరోది, పోతే డైరెక్టరుది. ఆ సింగీతమే తీసిన 'ఆదిత్య 369' ఇరవైసార్లు చూసినవాడు మా బంకులో ఉన్నాడు, ఇరవైసార్లూ అది బాలయ్య సినిమానే. కలెక్షన్ల లెక్కల్లో గుంటూరు, కృష్ణా పక్కన నెల్లూరుకి ఒక గడి ఉంది, అంత ఘనత మనది. ఆ గడిలో ఎన్ని లక్షలు పడ్డాయో పైసలతో సహా చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఆ సినిమా తీసిందెవరని మాత్రం అడగకండి, ఇబ్బంది పడతారు.

డైరెక్టరు మన జిల్లావాడైతే కథ మారుతుంది, అది వేరే జబ్బు. ఒంగోలు నుంచి మా వియ్యంకుడొకాయన వస్తుంటాడు. వచ్చినప్పుడల్లా ప్రకాశం జిల్లా ఖాతా పుస్తకం విప్పుతాడు. దొడ్డవరంలో పుట్టిన భానుమతి 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిందంటాడు. టంగుటూరు పక్కనుంచి వచ్చిన టి.కృష్ణ 'నేటి భారతం', 'ప్రతిఘటన' తీసి 1986లోనే పోయాడని కళ్లు తుడుచుకుంటాడు. మేం తగ్గుతామా? పి.పుల్లయ్య మావాడంటాం, 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' ఆయన చలవేనంటాం. పాటలు రాస్తూ రాస్తూ 'వాగ్దానం'తో డైరెక్టరు కుర్చీలో కూడా కూర్చున్న ఆత్రేయ మావాడంటాం. అంతలో వియ్యంకుడు నెమ్మదిగా, "ఆత్రేయది మంగళంపాడు కదండీ బావగారూ. సూళ్లూరుపేట అవతల. 2022లో అది తిరుపతి జిల్లాకి పోయింది" అన్నాడు. బంకులో నిశ్శబ్దం. నేను ఆలోచించుకుని, "నిర్మాత రామానాయుడిది కారంచేడు. బాపట్లకి పోలా?" అన్నాను. ఇద్దరం టీ తాగాం. ప్రభుత్వం జిల్లాలు విడగొట్టేటప్పుడు చెరువులు, స్కూళ్లు, ఉద్యోగులు ఎటు పోవాలో జీవోలు ఇచ్చింది గానీ, సినిమావాళ్ల సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఈ నిర్లక్ష్యానికి బాధ్యులెవరో తేలాలి.

మా మేనల్లుడు చెన్నైలో చదువుకుంటూ ఈ పరిస్థితిని మరింత దిగజార్చాడు. వాడికి హీరోలు అక్కర్లేదు, అన్నీ డైరెక్టర్ల పేర్లే. పండక్కి వచ్చినప్పుడు వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, 43 సినిమాల లిస్టు పంపాడు. తెలుగు పేరు ఒక్కటీ లేదు. అందులో ఒకటి దగ్గర కూర్చుని మరీ చూపించాడు. తార్కోవ్‌స్కీ అని రష్యా ఆయన 1983లో తీశాడట. ఒక మనిషి వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని ఎండిపోయిన కోనేట్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాడు. గాలికి ఆరిపోతుంది. మళ్లీ మొదటికొస్తాడు. కట్ లేకుండా తొమ్మిది నిమిషాలు.

"నాన్నా, ఆ షాట్ చూడు, ఒక్క కట్ లేదు!"

"కరెంటు పోతే ముందు గదిలోంచి వంటింట్లోకి నేను రోజూ చేసే పనేరా ఇది" అన్నాడు బావ. "నన్ను ఎవురూ తీయలా."

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈ ఊళ్లో ఒక్కడిచేతనైనా ఒక్క రొట్టె పుచ్చుకునేట్టు చేయాలని. ప్రయోగానికి బావనే ఎంచుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన పారిపోయే అవకాశం లేకుండా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, సింగీతం 1987లో తీసిన 'పుష్పక విమానం' పెట్టాను. పేరు చెప్పలేదు, కథ చెప్పలేదు. ముఖ్యంగా, అందులో మాటలుండవని చెప్పలేదు.

పది నిమిషాలకి బావ రిమోటు తీసుకున్నాడు. సౌండు పెంచాడు. వీధి రొద, అడుగుల చప్పుడు బాగానే వస్తున్నాయి. ఇంకా పెంచాడు. రిమోటుని తొడ మీద రెండుసార్లు కొట్టాడు. బ్యాటరీలు తీసి, నలిపి, మళ్లీ వేశాడు. "అబ్బయా, మాటలు రాటంలా. మొన్న పిడుగు పడినప్పుడే అనుకున్నా" అని కేబులాయనకి ఫోను చేశాడు. ఆయన సెట్‌టాప్ బాక్సు ఆపి మళ్లీ వేయమన్నాడు. ఆపి వేశాం. నేను నోరు మెదపలేదు, పరిశోధకుడు జోక్యం చేసుకోకూడదు.

అరగంట తర్వాత సంగతి అర్థమై, రిమోటు పక్కన పడేశాడు.

ఇక్కడొక విషయం చెప్పాలి. బావ వాళ్ల పాత ఇల్లు ఒక సినిమా హాలు వెనక సందులో ఉండేది. పడకగది గోడ, హాలు గోడ ఎదురెదురు. అక్క కాపురానికి వెళ్లిన కొత్తలో ఇంటర్వెల్ బెల్లు విని అన్నం దించేది. సెకండ్ షోలో క్లైమాక్స్ ఫైటింగు అయ్యేదాకా బావకి నిద్ర పట్టేది కాదు, ఆ తర్వాత ఫైటింగు లేనిదే నిద్ర పట్టకుండా పోయింది. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం.

సినిమాలో కమల్‌హాసన్ ఉండే లాడ్జి కూడా సినిమా హాలు పక్కనే. వాడు దొంగదారిన పెద్ద హోటల్లో చేరతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది. నిద్ర రాదు. చివరికి టేపు రికార్డరు పట్టుకుని పాత లాడ్జికి పోయి, ఆ ఫైటింగుల రొద రికార్డు చేసుకొచ్చి, పెట్టుకుని హాయిగా పడుకుంటాడు.

బావ నవ్వలేదు. ముందుకి వంగి కూర్చున్నాడు. అక్క కాఫీ తెచ్చి పక్కన పెడితే తాగలేదు, మీగడ కట్టింది. సినిమా అయిపోయాక కాసేపు తెర వైపే చూసి, "ఎవురబ్బయా ఇది తీసింది?" అన్నాడు.

నా సర్వీసులో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. "మన ఉదయగిరిలో పుట్టినాయన" అన్నాను. తల ఊపి, పంచె సర్దుకుని, లోపలికి వెళ్లి పడుకున్నాడు.

ఆ సాయంత్రం నేను బంకుకి కాస్త ఆలస్యంగా వెళ్లాను. బావ అప్పటికే అక్కడున్నాడు. చుట్టూ నలుగురు. ఫోనులో అవతల కొడుకు. స్పీకరు పెట్టి మరీ మాట్లాడుతున్నాడు.

"రేయ్, నీ 43లో 'పుష్పక విమానం' ఉండాదా? లేదా? మరేం చదువుతా ఉండావురా ఆడ? సింగీతం అని మన ఉదయగిరాయన. ఒక్క మాట లేకుండా తీసినాడు, ఒక్క మాట! రష్యా దాకా ఎందుకురా..."

నన్ను చూసి ఫోను పక్కకి తిప్పాడు.

"అబ్బయా, నువ్వు కూడా చూసుండవు. సీడీ ఎక్కడన్నా దొరుకుద్దేమో చూస్తాలే, నీకిస్తా."