సింగిల్ క్రిస్టల్ బ్లేడు దొరవారికి

జెట్ ఇంజనులో వేడి గ్యాసు తోపుకి గిర్రున తిరిగే మహారాజశ్రీ టర్బైన్ బ్లేడు దొరవారికి, తమర్ని పోతపోసే వాక్యూమ్ ఫర్నేసు షాపు వాళ్ళం చేసుకునే విన్నపం.

తమరి మీదికి వచ్చే గ్యాసు వేడి 1500 డిగ్రీలు దాటి ఉంటుంది. తమరేమో 1350 దగ్గరికొచ్చేసరికే కరిగేరకం. అయినా నిప్పులో నిలబడ్డానని టెక్కు! కంప్రెసరు చెమటోడ్చి నొక్కిన గాలిలో కొంత దారి మళ్ళించి తమరి పొట్టలోని గొట్టాల్లోకి పంపి, ఒంటిమీది సన్నని బెజ్జాల్లోంచి పొరలా వదులుతున్నాం. పైన వేడి తగలకుండా ఇట్రియా కలిపిన జిర్కోనియా అనే సిరామిక్ పూత. సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడిక్కూడా ఇన్ని మర్యాదలుండవు.

తమరి పుట్టుకే ఓ పెద్ద తతంగం. ముందు తమరి ఆకారంలో మైనం బొమ్మ, దాని కడుపులో గాలి గొట్టాల ఆకారంలో సిరామిక్ కోరు. పైన షెల్లు, అంటే సిరామిక్ అచ్చు, కట్టడానికి సిరామిక్ జావలో (స్లర్రీ) ముంచాలి, పొడి చల్లాలి, ఆరబెట్టాలి, మళ్ళీ ముంచాలి. మైనం కరిగించి తీయడానికి ఆటోక్లేవులో, అంటే పెద్ద ప్రెషరు కుక్కరు లాంటి దాంట్లో, ఆవిరి ప్రెషరు ఒక్కసారిగా పెంచాలి. నెమ్మదిగా వేడెక్కితే మైనం కరిగే లోపే ఉబ్బి షెల్లును పగలగొడుతుంది మరి.

ఆ తర్వాత అసలు పరీక్ష. నీళ్ళతో చల్లబరిచిన రాగి పలక మీద అచ్చు నిలబెట్టి, వాక్యూమ్‌లో లోహం పోసి, వేడి గదిలోంచి నిమిషానికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతాం. పలక దగ్గర లెక్కలేనన్ని గ్రెయిన్లు, అంటే చిన్న చిన్న లోహ స్ఫటికాలు, పుడతాయి. మెలికలు తిరిగిన పిగ్‌టెయిల్ సందులోంచి ఒక్కటే పైకి వస్తుంది. ఆ ఒక్కటే ఒళ్ళంతా పెరిగి తమరవుతుంది, అందుకే సింగిల్ క్రిస్టల్. త్వరగా దించితే తమరి రెక్క మొదట్లోని పీట, అదే ప్లాట్‌ఫాం, మూలలు ముందు చల్లబడి అక్కడ వేరే గ్రెయిన్ మొలుస్తుంది. పోనీ నిదానిద్దామా? టంగ్‌స్టన్, రీనియం లాంటి బరువు లోహాలు కొమ్మల్లా గట్టిపడే స్ఫటికంలోకి పోయి, మధ్యలో మిగిలిన తేలిక ద్రవం పైకి ఎగదన్ని ఫ్రెకిల్స్ అనే చిన్న గ్రెయిన్ల మచ్చలు గొలుసు కడుతుంది. ఇటు గొయ్యి, అటు నుయ్యి.

గ్రెయిన్ల మధ్య సరిహద్దులు, అదే గ్రెయిన్ బౌండరీలే, లేవు కదా అని వాటిని గట్టిపరిచే కార్బన్, బోరాన్, జిర్కోనియంలను తమరి కూర్పులోంచి దాదాపు తీసేశారు. కరగడం మొదలయ్యే వేడి పెరిగింది, సంతోషం. కానీ పొరపాటున ఒక్క బౌండరీ దూరిందా, దాన్ని పట్టి ఉంచే నాథుడు లేడు. క్రీప్‌లో, అంటే వేడిలో బరువు మోస్తూ మెల్లగా సాగేటప్పుడు, మొదటి పగులు అక్కడే.

తమరి మిశ్రమలోహాల రెండో తరంలో 3 శాతం రీనియం అన్నారు, మూడో తరంలో దాదాపు 6 అన్నారు. భూమ్మీద అత్యంత అరుదైన లోహాల్లో అదొకటి. పోనీ అని మరీ ఎక్కువ పెడితే అజీర్తి చేసి, లోపల పెళుసు సూదులు పుట్టిస్తారు!

షెల్లు పగలగొట్టేటప్పుడు సుత్తి కాస్త గట్టిగా తగిలినా అలకే. పైకి సొట్ట కూడా కనపడదు. 1300 డిగ్రీల దగ్గర సొల్యూషన్ ట్రీట్‌మెంటుకి, అంటే లోపలి కూర్పు సమంగా కలిసేలా కాల్చడానికి, పెట్టాక సరిగ్గా ఆ దెబ్బ తగిలినచోటే కొత్త గ్రెయిన్లు లేస్తాయి. యాసిడ్‌తో ఎచ్ చేస్తే మచ్చలా మెరుస్తాయి. ఇంత కష్టం స్క్రాపులోకి.

ఇన్ని దాటి రెక్కకెక్కాక తమర్ని కూల్చేదెవరయ్యా అంటే, ఎడారి దుమ్ము. అది కరిగి గాజై పూత సందుల్లోకి దిగి, చల్లారగానే పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది.

1982లో విమాన ఇంజన్లలోకి ఎక్కిన తమర్ని మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ వాళ్ళు కూడా పోతపోసి, 2021లో హెలికాప్టరు ఇంజను కోసం 60 మందిని విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కి అప్పగించారు. ఈ చేతిపని ఎవరూ ఊరికే నేర్పరు. అందుకే ఇంత ఓర్పు.

లీప్ అనే విమాన ఇంజన్లలో తమరి నెత్తిమీద ష్రౌడ్‌గా, అంటే చుట్టూ ఉండే ఉంగరంగా, సిలికాన్ కార్బైడ్ సిరామిక్ కాంపోజిట్ వచ్చి కూర్చున్న సంగతి తెలుసుగా? బరువు తమరిలో మూడో వంతు. మురిసిపోయే లోపే తెలిసింది, ఆయనకి నీటి ఆవిరి పడదట, ఆయనకీ ఓ పూత వేయాలి.

వచ్చే బ్యాచిలో ప్లాట్‌ఫాం మూలలైనా శుభ్రంగా రానివ్వగలరు.

ఇట్లు,
తమరి పోతపని వాళ్ళు